పురమందిరములు – వాని పోషణము

నాటకమునకైనను హరికథకైనను మొదట వలసినది చోటు. గుడి మండపము, రచ్చబండ, కోతలైన పిమ్మటి కళ్లము: ఇవియే మన పూర్వుల రంగస్థలములు. వాన కురిసిన రాత్రి గాని వాని లోటు తెలిసెడిది కాదు. అద్దె చెల్లించి ఎవరైనను వాడుకొనదగిన సభామందిరము మనకు గడచిన శతాబ్దమునకు ముందటి శతాబ్దమున వచ్చినది.

రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1890లో పురమందిరమును నెలకొల్పిరి. అంతకు పదియేండ్లకు ముందు, 1880లో, విద్యార్థులచే తెలుగు నాటకము నాడించినవారును ఆయనయే. నెల్లూరివారికి రేబాలవారి పురమందిరము కలదు. వీనియన్నిటిలో కథ పెద్దది చెన్నపురి విక్టోరియా మందిరమునది. దానికి 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువు ఆనంద గజపతి మహారాజుగారు. 1891లో బళ్లారినుండి ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారి సరసవినోదినీ సభవారు అచ్చటికేగి తెలుగు నాటకములాడగా, చూచి ఉప్పొంగిన పమ్మల్ సంబంధ మొదలియారు ఆ యేడే సుగుణవిలాస సభను స్థాపించెను. మనవారి ప్రదర్శన మొకటి అరవ నాటకమునకు దారి చూపినదన్నమాట! మన బందరువాడైన రఘుపతి వెంకయ్యగారు తొలినాటి చలనచిత్రములను చూపినదియు నచ్చటనే.

అట్టి మందిరము గూడ పాడుపడినది. స్థలము 99 ఏండ్ల గుత్తకు తీసికొన్నది. గడువు తీరినంతనే స్వామ్యమునుగూర్చి వివాదములు పుట్టినవి. ఏండ్ల తరబడి తలుపులు మూతపడియుండగా, 2023లో చెన్నై నగరపాలక సంస్థవారు జీర్ణోద్ధారణమునకు పూనుకొనిరి.

ఇది మన కేల యందురేమో. 2015లో రాజధాని కొఱకు మా తుళ్లూరు చుట్టుపట్ల పొలములు సమీకరింపబడినవి. పత్తిచేల నడుమ బాటలు పడినవి. క్రొత్త మేడలు లేచుచున్న చోట పాత మిద్దెయిండ్లను పడగొట్టుటయే సుకరమని తోచును. అట్టి దొకటి ఊరి చేతిలో మిగిలినచో దానిని కళామందిరముగా మార్చవచ్చునని నా మతము. మిద్దెయింటి చావడి నూరుమంది కూర్చుండుటకు చాలును. హరిదాసు గొంతునకు అంతకన్న పెద్ద చోటు అక్కఱయు లేదు.

అయితే మరమ్మతు తెలిసి చేయవలెను. సున్నపు గోడకు సిమెంటు పూయుదురు. చూడ నందముగనే యుండును. కాని లోని తేమ వెలికి రాలేక, ఉప్పుపట్టి, గోడ పెచ్చులు పెచ్చులుగా రాలును. సున్నమునకు సున్నమే మందు. దూలములకు చెద చూడవలెను. వానకాలమునకు ముందే మిద్దెపై నీరు పోవు తూములు శుభ్రపఱపవలెను. విద్యుత్తీగలు మాత్రము పాతవి పనికిరావు.

ఇక అద్దె. పెండ్లివారు హెచ్చు సొమ్మిత్తురు. పొగయు, నేతిమరకలు, గోడకు మేకులు కూడ నిచ్చిపోవుదురు. వారికొక ధర, భజన సమాజములకు, బడిపిల్లల నాటకములకు నింకొక ధర యుంచుట న్యాయము. కళాకారులను ఉచితముగా రమ్మనుట ఔదార్యముగ కనబడును గాని, రెండేండ్లకు దీపపు ఖర్చునకైనను సొమ్ముండదు. వచ్చిన అద్దెలో కొంత మిద్దె మరమ్మతునకు వేఱుగ నుంచి, లెక్కను తలుపువద్ద అంటించిన పెక్కు తగవులు తప్పును.

పత్రము వ్రాయించునపుడు గుత్త గడువెంతయో, అది తీరిన పిమ్మట భవన మెవరిదగునో స్పష్టముగా వ్రాయింపుడు. తాళపుచెవి ఎవరియొద్ద నుండునో గూడ వ్రాయింపుడు.