సాలిడ్ స్టేట్ రిలే – మైక్రోకంట్రోలరుతో అనుసంధానం

సాలిడ్ స్టేట్ రిలే అనగా కదిలే భాగాలు లేకుండా, అర్ధవాహక పరికరాల సాయంతో విద్యుత్ వలయాన్ని కలిపి విడదీసే స్విచ్చి. మైక్రోకంట్రోలరు ఇచ్చే 3.3 లేదా 5 వోల్టుల బలహీన సంకేతంతో 230 వోల్టుల హీటరు వంటి పరికరాలను నియంత్రించడానికి దీనిని ఉపయోగిస్తారు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన హైటెక్ సిటీ సాఫ్ట్‌వేరుకు ప్రసిద్ధి చెందినప్పటికీ, దాని చేరువన రాయదుర్గంలో 2023 మార్చి 2న టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం కూడా ప్రారంభమైనది. యంత్రాల నమూనాలలోనూ, విద్యార్థుల ప్రాజెక్టులలోనూ ఈ అనుసంధానం తరచు అవసరమవుతుంది.

నిర్మాణం

రిలే లోపల ఒక చిన్న ఎల్.ఇ.డి. ఉంటుంది. దాని వెలుగు ఎదుటనున్న కాంతి గ్రాహకంపై పడగా, అది ట్రయాక్‌ను గాని, వ్యతిరేక దిశలలో కలిపిన రెండు ఎస్.సి.ఆర్.లను గాని వాహక స్థితికి తెస్తుంది. రెండు వైపులకూ మధ్య సంకేతాన్ని చేరవేసేది కాంతి మాత్రమే. అందువలన 230 వోల్టుల విద్యుత్తు మైక్రోకంట్రోలరు వైపునకు రాదు.

అనుసంధానం

"3 నుండి 32 వోల్టులు" అని ముద్రించిన రిలేను 3.3 వోల్టుల పిన్నుకు నేరుగా కలిపినచో, భారం వలన పిన్ను వోల్టేజి తగ్గి రిలే సరిగా పనిచేయకపోవచ్చును. కనుక బిసి547 వంటి ఎన్.పి.ఎన్. ట్రాన్సిస్టరును మధ్యలో వాడుట మేలు.

* పిన్నును 1 కిలో ఓము నిరోధకం ద్వారా బేస్‌కు కలపాలి. సుమారు 2.5 మిల్లీ ఆంపియర్ల బేస్ ప్రవాహం లభిస్తుంది.
* ఎమిటరును గ్రౌండుకు, కలెక్టరును రిలే ఇన్‌పుట్ రుణ ధ్రువానికి కలపాలి. ధన ధ్రువానికి 5 వోల్టులు ఇవ్వాలి.
* బేస్‌కు, గ్రౌండుకు నడుమ 10 కిలో ఓముల నిరోధకం ఉంచాలి. మైక్రోకంట్రోలరు రీసెట్ అయ్యే వేళ హీటరు తనంతట తాను వెలగకుండా ఇది కాపాడుతుంది.

మామూలు రిలేలో వలె తీగచుట్ట లేదు గనుక ఇక్కడ రక్షక డయోడు అవసరం లేదు.

శక్తి నియంత్రణ

శూన్య వోల్టేజి వద్ద మాత్రమే వెలిగే రకం రిలేలలో విద్యుత్ అలజడి తక్కువ. మన 50 హెర్ట్జ్ సరఫరాలో సెకనుకు 100 అర్ధ తరంగాలుంటాయి. వాటిలో 40 మాత్రమే పంపినచో హీటరుకు 40 శాతం శక్తి అందుతుంది.

జాగ్రత్తలు

వాహక స్థితిలో రిలేపై 1 నుండి 1.6 వోల్టుల వరకు పతనం ఉంటుంది. 2000 వాట్ల హీటరు సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. పతనం 1.2 వోల్టులైతే రిలేలో 10 వాట్లకు పైగా వేడి పుడుతుంది. కనుక హీట్ సింకు తప్పనిసరి.

ఆపివేసినపుడు కూడా కొద్దిపాటి ప్రవాహం లీకవుతుంది. కావున రిలే ఆపి ఉన్నదని నమ్మి తీగలను తాకరాదు. మెయిన్ స్విచ్చి తీసిన తరువాతనే మరమ్మతు చేయాలి. పాడైన రిలే ఎక్కువగా షార్టు అవుతుంది, అనగా హీటరు ఆగదు. అట్టి ప్రమాదాన్ని ప్రోగ్రాము నివారించలేదు. అందుచేత హీటరు వలయంలో ఫ్యూజుతో పాటు, ఉష్ణోగ్రత మితి మీరినపుడు తెగిపోయే థర్మల్ ఫ్యూజు కూడా అమర్చాలి.