మాట వినే యంత్రం మన మాట వింటుందా?



పోయిన ఆదివారం సాయంత్రం సైన్సు సారు ఫోను మా తొమ్మిదో తరగతి చేతికి పది నిమిషాలు చిక్కింది. అందులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే ఆ మాటలు తెలుగులో పడతాయి, కింద ఇంగ్లీషు అర్థం కూడా వస్తుంది. "మండవల్లి స్టేషను" అన్నాం, రాసింది. "నీళ్లు" అన్నాం, రాసింది. అప్పుడు ఆరో తరగతి తమ్ముడొకడు మా మధ్యలోంచి దూరి వచ్చి "ఏరు" అన్నాడు. తెలుగులో ఏరు అనే రాసింది గానీ, ఇంగ్లీషులో నదికి వాడే మాట వేసింది. వాడు పకపకా నవ్వాడు. "మా ఇంట్లో ఏరంటే నీళ్లు" అన్నాడు. వాడిది కోయ మాట.

సారు మాత్రం నవ్వలేదు. "ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదురా" అన్నారు. మరి మిగతావి ఎవరు చెప్పారు? యంత్రానికి మాట వినడం ఎలా వచ్చింది? సారు వివరించినవి, చదివి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకం రాజ్ రెడ్డి అంటుంది. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట పుట్టారు. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే. (ఈ వాక్యం రాస్తుంటే మన హాస్టల్లో చాలామంది గుర్తొచ్చారు.) 1958లో మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగు పూర్తి చేశారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో చదివి, అక్కణ్ణించి అమెరికా వెళ్లి, 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. ఆయన గురువు జాన్ మెకార్తీ. కృత్రిమ మేధస్సు అని ఆ శాస్త్రానికి పేరు పెట్టింది ఆ మెకార్తీయే.

డాక్టరేటు అంటే సూదిమందు వేసే డాక్టరు అనుకోవద్దు. అప్పటిదాకా ఎవరికీ జవాబు తెలియని ఒక ప్రశ్నను పట్టుకుని, ఏళ్ల తరబడి దాని వెంటే తిరిగి, దొరికిన దాన్ని పుస్తకంగా రాసి, పెద్దల ముందు నిలబడి నిరూపించాలి. రాజ్ రెడ్డి పట్టుకున్న ప్రశ్న ఇది: మనిషి మాట్లాడితే కంప్యూటరు అర్థం చేసుకోగలదా? ఆ రోజుల్లో కంప్యూటరుకు పని చెప్పాలంటే అట్టముక్కలకు చిల్లులు పొడిచి లోపలికి పంపాల్సి వచ్చేది. దానితో నోటితో మాట్లాడటం అంటే కథల్లో సంగతే.

ఇందులో కష్టం ఏమిటి అని మీరు అడగవచ్చు. మనకు పుట్టిన కొద్ది నెలల నుంచే మాటలు వినపడి అర్థమవుతాయి కాబట్టి కష్టం తెలియదు. కాగితం మీద రాసినప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదులుతాం. నోటితో చెప్పేటప్పుడు ఆ ఖాళీ ఉండదు, గాలి ఒకటే ధారగా వస్తుంది. మెస్సు లైనులో నిలబడి ఎవరైనా గబగబా "మాకూర్లేదు" అన్నారనుకోండి. మా బల్లకు కూర లేదు అని వంటమనిషికి తెలిసిపోతుంది. అవే శబ్దాలు పోలవరం ముంపులో ఊరు పోయి, పునరావాస కాలనీ నుంచి వచ్చిన మన వాడి నోటి నుంచి రాత్రి మంచం మీద వినపడితే? మాకు ఊరు లేదు అని. శబ్దం ఒకటే. తేడా చెవిలో తెలియదు, మెదడులో తెలుస్తుంది. ఎవరు అన్నారు, ఎక్కడ అన్నారు, అంతకు ముందు ఏం జరిగింది అన్నవి కూడా కలిపి చూసుకుని మెదడు అర్థం తేలుస్తుంది.

చెవి చేసే పని కూడా తక్కువదేం కాదు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టం ఉంటుంది. సన్నటి కీచు శబ్దాలు దాని మొదట్లోనూ, బొంగురు శబ్దాలు చివర్లోనూ కదలిక పుట్టిస్తాయి. అంటే శబ్దాన్ని ముందు చెవే విడగొట్టి మెదడుకు పంపుతుందన్నమాట. యంత్రానికీ అదే పద్ధతి నేర్పారు. మాటను సెకనులో నూరో వంతు చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో కొలుస్తుంది.

కొలిచాక ఏం చేయాలి? ఇక్కడ రాజ్ రెడ్డి బృందం చేసిన ఏర్పాటు నాకు అన్నిటికన్నా నచ్చింది. 1969లో ఆయన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారారు. 1970లలో అక్కడ హియర్‌సే అనే యంత్రవిధానం తయారు చేశారు. అందులో కీలకమైన దాని పేరు ఏమనుకున్నారు? నల్లబల్ల! మన క్లాసులో ఉన్నట్టే. ఒక లెక్క బోర్డు మీద వేసి, నలుగురు పిల్లలు తలా ఒక మెట్టు రాస్తున్నట్టు ఊహించండి. ఒకడికి శబ్దాలు తెలుసు, "ఇక్కడ క ఉన్నట్టుంది" అని రాస్తాడు. ఇంకొకడికి మాటలు తెలుసు, "అయితే కూర కావచ్చు" అంటాడు. వ్యాకరణం తెలిసినవాడు, సందర్భం తెలిసినవాడు వచ్చి కలుపుతారు, తప్పయితే తుడిపేస్తారు. ఏ ఒక్కరికీ మొత్తం తెలియదు. అందరూ ఒకే బోర్డు చూస్తూ ఊహ మీద ఊహ కడతారు. మొదటి హియర్‌సేతో చదరంగం ఎత్తులు నోటితో చెప్పి ఆడించారు. 1976 నాటికి రెండో హియర్‌సే వెయ్యి పైచిలుకు మాటలతో పనిచేసింది. 1988లో రాజ్ రెడ్డి శిష్యుడు కై-ఫు లీ తన డాక్టరేటు కోసం స్ఫింక్స్ అనే దాన్ని చేశాడు. ఒక్క గొంతుకే అలవాటు పడకుండా, కొత్తవాళ్లు మాట్లాడినా అది గుర్తుపట్టేది. 1994లో రాజ్ రెడ్డికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. కంప్యూటరు శాస్త్రంలో అంతకన్నా పెద్ద బహుమతి లేదు. ఆసియాలో పుట్టినవారిలో దాన్ని అందుకున్న మొదటివారు ఆయనే.

అయితే ఈనాటి ఫోన్లు వినే పద్ధతి వేరు. అది నేరుగా మెదడు కట్టుబాటు నుంచి తీసుకున్నది. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక్క కణం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే కొల్లేరును తలుచుకుంటే చాలు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో కాలవలు, డ్రెయిన్లు వచ్చి కొల్లేట్లో పడతాయి. బయటికి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. లోపల మట్టం పెరిగితేనే అటు పారుతుంది. నాడీకణం కూడా అంతే. వేల కణాల నుంచి సంకేతాలు వచ్చి పడతాయి. వాటి మొత్తం ఒక హద్దు దాటితే, తన ఒక్క తోక గుండా ముందుకు సంకేతం పంపుతుంది. లేకపోతే ఊరుకుంటుంది. దీన్ని లెక్కగా మొదట రాసినవాళ్లు మెకలాక్, పిట్స్. అది 1943లో.

మరి నేర్చుకోవడం? ప్రతి కాలవకూ ఒక షట్టరు ఉందనుకోండి. యంత్రం ఒక మాట విని తప్పు చెప్పింది. ఎంత తప్పిందో లెక్కగట్టి, చివరి నుంచి వెనక్కి వెళుతూ ఒక్కో షట్టరును వీసమెత్తు ఎత్తడమో దించడమో చేస్తారు. మళ్లీ వినిపిస్తారు, మళ్లీ సరిచేస్తారు. ఇలా లక్షల సార్లు. ఈ పద్ధతిని 1986లో రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన వ్యాసం లోకానికి తెలిపింది. అప్పుడు హింటన్ పనిచేస్తున్నది కూడా కార్నెగీ మెలన్‌లోనే. 2024లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన తెలుగువారు బి. యజ్ఞనారాయణ గారు ఇలాంటి నాడీవలల మీదే 1999లో పాఠ్యపుస్తకం రాశారు. మనిషి మాట మీద పరిశోధన ఆయన జీవితమంతా చేసిన పని.

పోలిక ఉంది కదా అని యంత్రం మెదడంత అయిపోయిందనుకోవద్దు. మెదడు వాడే కరెంటు సుమారు 20 వాట్లు. మన స్టడీ హాల్లో ఆ మూల మిణుకుమిణుకుమనే పాత ట్యూబులైటే 40 వాట్లు తాగుతుంది. యంత్రానికి నేర్పడానికేమో పెద్ద పెద్ద షెడ్ల నిండా కంప్యూటర్లు కావాలి. పైగా పసిపిల్లవాడు ఒక మాట నాలుగుసార్లు వింటే పట్టేస్తాడు. యంత్రానికి వందల, వేల గంటల గొంతులు వినిపించాలి.

ఆ ఆరో తరగతి తమ్ముడి నవ్వు దగ్గరికి మళ్లీ వస్తాను. ఇంగ్లీషుకు ఆ గంటలు లెక్కలేనన్ని దొరికాయి. తెలుగుకు పోగుచేస్తున్నారు. కోయకు ఎవరు ఇస్తారు? 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అనే అనువాద యంత్రాన్ని విడుదల చేసింది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండి ఉన్నాయి. గోండికి కోయ దగ్గరి చుట్టమే గానీ, చుట్టం ఇంట్లో దీపం పెడితే మన ఇంట్లో వెలుగు రాదు కదా. మా అమ్మమ్మకు కోయ తప్ప రాదు. ఆసుపత్రికి వెళితే పక్కన నేనుండాలి. నేను హాస్టల్లో ఉన్న నెలల్లో ఆమె ఒంట్లో బాగాలేకపోతే ఎవరితో చెప్పుకుంటుందో అని నాకు రాత్రిళ్లు గుర్తొస్తుంది. రాజ్ రెడ్డి ప్రశ్న నాకు పుస్తకంలో సంగతిలా అనిపించకపోవడానికి కారణం అదే.

ఇంకో సంగతి. మన జిల్లాలోనే నూజివీడులో, పల్లెటూరి పిల్లల కోసం 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతో సీటు, ఆరేళ్ల చదువు. ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలరు రాజ్ రెడ్డిగారే. పదో తరగతి అన్నలు ఇది రెండుసార్లు చదవండి.

మేం ఒక నోటుపుస్తకం పెట్టాం. స్టడీ హాలు కిటికీ పక్కన మేకుకు వేలాడదీశాం. ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు మీ ఇంటి మాట, పలికే తీరు. సైన్సు సారు ఆదివారాల్లో ఆ మాటలు మీ గొంతులోనే ఫోనులో పట్టి ఉంచుతానన్నారు. వార్డెన్ గారు స్టడీ అవర్లో మాత్రం వద్దన్నారు. మొదటి పేజీలో నీళ్లకు కోయలో ఏరు, లంబాడీలో పాణి రాసి ఉన్నాయి. ఎరుకల వాళ్లు ఇంకా రాయలేదు. నా ఏరు సరిగ్గా లేదని, అలా పలకరని ఆరో తరగతి తమ్ముడు పక్కన పెన్సిలుతో గీత పెట్టాడు. ఆదివారం వాడే చెబుతాడట.