సోడియం ఒక్క ఎలక్ట్రాన్‌తోనే ఎందుకు ఆగుతుంది?



లోహ పరమాణువులు ఎలక్ట్రాన్లను సులభంగా కోల్పోయి ధనాత్మక అయాన్లుగా మారతాయని పదో తరగతిలో అందరం చదువుతాం. అంతవరకు రాస్తే మార్కులు పడతాయి. ఇంటర్‌లో చేరగానే తెలుగు మాటల స్థానంలో ఇంగ్లీషు మాటలు వస్తాయి, "ఎందుకు?" అనే ప్రశ్నలు మొదలవుతాయి. మా బ్యాచ్‌లో కెమిస్ట్రీకి భయపడి గ్రూపు మారినవాళ్ళున్నారు. అడగడానికి మన ఇళ్ళల్లో చదువుకున్నవాళ్ళు తక్కువ. జంగారెడ్డిగూడెం హాస్టల్ నుంచి ఎమ్మెస్సీ దాకా వచ్చిన మేము ఈ ఒక్క సంగతి విడమరచి రాస్తున్నాం.

కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు మనకు తెలిసిందే. ఎండాకాలంలో దానిలోకి సముద్రపు నీరు ఎదురెక్కుతుంది. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటే, అందులో పది గ్రాములకు పైగా సోడియమే. ఆ నీళ్ళలో చేపలు హాయిగా తిరుగుతాయి. అదే సోడియం లోహపు ముక్కను నీళ్ళలో వేస్తే భగ్గుమంటుంది. అందుకే ల్యాబుల్లో దాన్ని కిరోసిన్‌లో ఉంచుతారు. రెంటికీ తేడా పరమాణువుకు ఒక్క ఎలక్ట్రాన్!

సోడియంలో 11 ఎలక్ట్రాన్లు 2, 8, 1గా ఉంటాయి. చివరిది పోతే నియాన్ విన్యాసం మిగులుతుంది. స్థిరత్వం కోసం సోడియం దాన్ని ఇచ్చేస్తుందని చెప్పుకుంటాం గాని, పరమాణువుకు కోరికలేముంటాయి? కేంద్రకం ఆ ఎలక్ట్రాన్‌ను కూడా పట్టుకునే ఉంటుంది. లాగాలంటే మోల్‌కు 496 కిలోజౌళ్ళు ఖర్చు పెట్టాలి. దీనినే అయనీకరణ శక్తి అంటారు.

మరి ఈ ఖర్చు ఎవరు భరిస్తారు? మెస్ లెక్కలాగే వేద్దాం. ఒక మోల్ ఉప్పు తయారు కావాలంటే ఘన సోడియంను విడి పరమాణువులు చేయడానికి 108, క్లోరిన్ అణువులను విడగొట్టడానికి 121, ఎలక్ట్రాన్‌ను లాగడానికి 496. మొత్తం 725 కిలోజౌళ్ళు. ఆ ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ తీసుకుంటే 349 తిరిగి వస్తుంది. ఇంకా 376 బాకీ. అష్టకం పూర్తయినా లెక్క నష్టంలోనే ఉంది చూడండి! చివరికి ధన, రుణ అయాన్లు దగ్గరికి చేరి స్ఫటికంగా కూర్చున్నప్పుడు 787 విడుదలవుతుంది. దీని పేరు జాలక శక్తి. బాకీ తీరి 411 మిగులుతుంది. ఉప్పు స్థిరంగా ఉండటానికి కారణం ఈ మిగులే.

రెండో ఎలక్ట్రాన్‌ను కూడా లాగితే? అది లోపలి కర్పరంలోది, కేంద్రకానికి దగ్గర. దానికి 4562 కావాలి. అంత బాకీని ఏ జాలకమూ తీర్చలేదు. అందుకే సోడియం వేలన్సీ ఒకటి. మెగ్నీషియంకు మొదటిది 738, రెండోది 1451, మూడోది ఒక్కసారిగా 7733. ఆ గెంతు ఎక్కడుందో చూస్తే వేలన్సీ బట్టీ పట్టనక్కర్లేదు.

ఇనుము మాత్రం అష్టక నియమానికి లొంగదు. దానికి 26 ఎలక్ట్రాన్లు. రెండు పోయినా, మూడు పోయినా జడవాయు విన్యాసం రాదు, అయినా రెండు రకాల అయాన్లూ ఉన్నాయి. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్ళు పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి ఎర్రబారతాయి. రెండు పోగొట్టుకున్న ఇనుము, గాలిలోని ఆక్సిజన్‌కు మూడోది కూడా ఇచ్చి, తుప్పు రంగు మడ్డిగా అడుగుకు చేరుతుంది.

మన ట్రంకు పెట్టెకు రంగు లేచిన చోట తుప్పు మొదలై రంగు కిందికి పాకుతుంది. జింకు పూత ఉన్న బకెట్‌కు గీత పడినా అంత తొందరగా పాకదు. ఇనుము కంటే జింకు ముందుగా తన ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది కాబట్టి, ఆ జింకు ఉన్నంతకాలం ఇనుము వంతు రాదు.