ఎలక్ట్రానిక్ ఫలకం – విద్యుత్ సంధానాల భద్రత

బస్సు ప్రాంగణంలో రాకపోకల వేళలను, రైల్వే స్టేషనులో ప్లాట్‌ఫారం సంఖ్యను, దుకాణం ముంగిట దాని పేరును తెలిపే ఎలక్ట్రానిక్ ఫలకాలు నేడు సర్వత్రా కనిపిస్తున్నాయి. చూపరుల దృష్టి అక్షరాల వెలుగు మీదనే నిలుస్తుంది. ఆ వెలుగుకు ఆధారమైన తీగలూ, వాటిని కలిపే కనెక్టర్లూ ఫలకం వెనుక మరుగున ఉంటాయి. నిచ్చెన మీద నిలిచి ఫలకాన్ని అమర్చే కార్మికుని ప్రాణం మాత్రం ఆ మరుగున ఉన్న సంధానాలపైనే ఆధారపడి ఉంటుంది.

ఇట్టి ఫలకంలో రెండు రకాల విద్యుత్తు పనిచేస్తుంది. మన దేశంలో ఇళ్ళకూ దుకాణాలకూ సరఫరా అయ్యేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. ఫలకంలోని పవర్ సప్లై పెట్టె దానిని తక్కువ వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. ఎల్‌ఇడి పలకలలో అనేకం 5 వోల్టులతో వెలుగుతాయి. మొదటిది మనిషి ప్రాణం తీయగలదు. రెండవది ఒంటికి తగిలినా సాధారణంగా షాక్ కొట్టదు. అంతమాత్రాన అది నిరపాయకరమని భావించరాదు. వోల్టులు తక్కువైనప్పుడు ఆంపియర్లు పెరుగుతాయి. ఒక పెట్టె నుండి 40 ఆంపియర్ల ప్రవాహం వెలువడవచ్చు.

ఇక్కడ జూల్ నియమాన్ని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సంధానంలో పుట్టే ఉష్ణం ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వదులుగా బిగించిన మర వద్ద నిరోధం కేవలం 0.01 ఓమ్ అనుకొందాం. 40 ఆంపియర్లు ప్రవహిస్తే అక్కడ 16 వాట్ల ఉష్ణం జనిస్తుంది. చిటికెన వేలి గోరంత చోట అంత వేడి నిలిస్తే ప్లాస్టిక్ కరగి, నిప్పు అంటుకొనే ప్రమాదం ఉంది. కనుక తీగ కొసను తగినంత మేరకే ఒలిచి, పోగులు బయటకు రాకుండా మెలిపెట్టి, లగ్గు వేసి బిగించవలెను. పిదప మెల్లగా లాగి చూడవలెను.

పని ఆరంభించుటకు ముందు మెయిన్ స్విచ్ ఆపుట ప్రథమ కర్తవ్యం. ఫలకం ఆరిపోయినంత మాత్రాన విద్యుత్తు లేదని తలంచరాదు. స్విచ్‌ను పొరపాటున న్యూట్రల్ తీగకు అమర్చి ఉంటే, దీపం ఆరినా ఫేజ్ తీగలో విద్యుత్తు ఉండనే ఉంటుంది. టెస్టరును ముందుగా విద్యుత్తు ఉన్నదని తెలిసిన చోట పరీక్షించి, ఆ తరువాతనే ఇక్కడ వాడవలెను. మరొకరు తెలియక స్విచ్ వేయకుండా దానికి తాళం వేసి, హెచ్చరిక పలక తగిలించవలెను. ఎత్తున ఉన్నవానికి స్వల్పమైన షాక్ తగిలినా, పట్టు తప్పి పడుటయే ప్రాణాంతకం కావచ్చు. సరఫరా ఆపిన తరువాత కూడా పెట్టెలోని కెపాసిటర్లలో విద్యుదావేశం కొంతసేపు నిలిచి ఉంటుంది. అందువలన దాని మూతను తెరువరాదు.

కనెక్టరు నిర్మాణంలోనే కొంత రక్షణ ఇమిడి ఉంది. విద్యుత్తు వచ్చే వైపు సాకెట్టునూ, అందుకొనే వైపు పిన్నులనూ ఉంచుతారు. విడదీసినప్పుడు బయటకు కనిపించే పిన్నులలో విద్యుత్తు ఉండకూడదన్నదే ఇందులోని ఆంతర్యం. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడవుగా ఉండుటకూ కారణం ఉంది. అది అన్నింటికంటే ముందుగా కలిసి, చివరగా విడిపోతుంది. కనెక్టరును విడదీసేటప్పుడు తీగను పట్టి లాగరాదు. దాని దేహాన్నే పట్టుకొనవలెను. గాడి సరిపోనప్పుడు బలవంతంగా నొక్కరాదు. ధన, రుణ ధ్రువాలు తారుమారైతే పలకలు చెడిపోతాయి. ఆరుబయట అమర్చే ఫలకానికి నీరు చొరని కనెక్టర్లు వాడి, తీగను కొంత కిందికి వంచి లోనికి తీసుకొనిపోవలెను. అప్పుడు వాన నీరు ఆ వంపు వద్దనే జారిపోతుంది.

ఎవరికైనా షాక్ తగిలితే వారిని చేతితో తాకరాదు. మొదట సరఫరా ఆపవలెను. అది వీలుకానప్పుడు ఎండిన కర్రతో తీగను తొలగించవలెను.

విద్యుత్తు కంటికి కనిపించదు, తప్పును మన్నించదు. నియమాలను తెలిసి పాటించేవానికి అది సేవకుడు. ఉపేక్షించేవానికి శత్రువు. ఫలకం మీద అక్షరాలు వెలిగిన క్షణాన, వాటిని వెలిగించిన కార్మికుడు క్షేమంగా నేల మీద నిలిచినప్పుడే ఆ పని సంపూర్ణమైనట్లు.