నాచుమడి: కొత్త కుంటలో నీటిమొక్కలను గుర్తించి నాటు విధము

బంగారుతీగ యను చేప మన దేశమునకు పరాయిది. దీని యొక జాతి 1939లో సింహళమునుండి నీలగిరులకు వచ్చెను. మైదానముల యుష్ణమునకు తాళగల మరియొక జాతి 1957లో బాంకాకునుండి తేబడెను. బొచ్చె, శీలావతి మొదలగు చేపలు కుంటలోని నిలువనీటిలో సాధారణముగా గ్రుడ్లు పెట్టవు, బంగారుతీగ పెట్టును. కావున చేపపిల్లలను స్వంతముగా ఉత్పత్తి చేసికొనగోరు రైతునకు ఇది మిక్కిలి యనుకూలమైనది.

ఒక కిలోగ్రాము తూకముగల ఆడుచేప సుమారు లక్ష గ్రుడ్లు పెట్టును. ఈ గ్రుడ్లు జిగురుగలవి. నాచు దొరికినచో దాని ఆకుల నంటి నిలుచును. దొరకనిచో అడుగుబురదలో కూరుకొని చెడిపోవును. ఆ సమయమునకు ఊరిచెరువులో ఏదియో యొక పాచిని తెచ్చి వేయుదమని కొందరు తలంతురు. అట్లు తెచ్చిన పాచితో జలగలు, నీటిపురుగులు, పనికిరాని మొక్కలు కూడ వచ్చును. కావున నాచును ముందుగానే స్వంత కుంటలో పెంచుకొనుట మేలు.

ఈ నాచుమడికి చేపల కుంట తగదు. బంగారుతీగ ఆహారమునకై అడుగుమట్టిని మూతితో కలచి మొక్కలను పెల్లగించును. 1959లో హాంకాంగునుండి తేబడిన గడ్డిచేప నాచునే మేసివేయును. కావున బావి చెంత రెండడుగుల లోతు నీరు నిలుచు చిన్న కుంటను ప్రత్యేకముగా త్రవ్వుకొనవలెను. దానిపై చెట్ల నీడ పడరాదు.

మొక్కలను గుర్తించుట

చెరువులో మొక్కను చేత బట్టినప్పుడు మూడు సంగతులు చూడవలెను: వేరు మట్టిలో నున్నదా, లేదా, ఆకులు కణుపువద్ద పుట్టినవా, మొదటినుండి పుట్టినవా, మొక్క నీటిలో మునిగియున్నదా, పైని తేలుచున్నదా.

పునాచు: శాస్త్రజ్ఞులు దీనిని హైడ్రిల్లా యందురు. కాడ సన్నము. ప్రతి కణుపునను మూడు మొదలు ఎనిమిది వరకు చిన్న ఆకులు బండిచక్రపు ఆకులవలె చుట్టియుండును. ఆకుల అంచులు రంపపుపండ్లను బోలియుండును. వ్రేళ్లతో రాచిన గరుకుగా తగులును. నాచుమడికి అన్నిటికంటె నిది శ్రేష్ఠము.

వల్లిస్నేరియా: దీనికి నిలువుకాడ లేదు. పొడవైన పట్టీలవంటి ఆకులు మొదటినుండియే లేచును. ఆడుపువ్వు సన్నని మెలికల తొడిమపై నీటిమట్టమునకు వచ్చును. దీని వేళ్లు గట్టువార మట్టిని పట్టి నిలుపును.

సెరటోఫిల్లము: ఇదియు కణుపుచుట్టు ఆకులు గలదే, కాని ఆకులు చివర రెండుగా చీలియుండును, వేళ్లు ఉండవు. గ్రుడ్లకు పనికివచ్చును.

సెరటోఫిల్లమును బోలి రైతును మోసగించు మొక్క యొకటి కలదు. దాని పేరు యుట్రిక్యులేరియా. దీని దారములవంటి ఆకులలో ఆవగింజకంటె చిన్నవియు, ఇంచుమించు అంతటివియు నగు తిత్తు లుండును. ఈ తిత్తులు నీటిలోని సూక్ష్మప్రాణులను లోనికి లాగికొని జీర్ణము చేసికొనును. అప్పుడే పొదిగిన చేపపిల్లలును వీనికి చిక్కును. పిల్లలను కాపాడుటకై వేసిన నాచే పిల్లలను తినుట ఇట్లు సంభవించును. కావున తెచ్చిన ప్రతి రెమ్మను తెల్లని పళ్లెములో నీటిపై పరచి, తిత్తులు లేవని నిశ్చయించుకొనవలెను.

ఉబ్బిన తొడిమలుగల గుర్రపుడెక్కను, క్యాబేజీవలె తేలు అంతరతామరను ఒక్కటియైనను కుంటలోనికి రానీయరాదు. గుర్రపుడెక్క అనుకూల కాలములో రెండు వారములకు రెట్టింపగును. ఆ లెక్కను ఒక్క మొక్క యిరువది వారములలో వేయి దాటును. దీని బాధ భరింపలేకయే వంగరాష్ట్రమున 1936లో ప్రత్యేక చట్టము చేయవలసివచ్చెను.

నాటుట

ఏరిన రెమ్మలను మంచినీట కడిగి, లేత గులాబివన్నె వచ్చునంత మాత్రమే పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటిలో పది నిమిషములు ముంచి, మరల కడుగవలెను. కుంటలో మొదట ఒక యడుగు నీరు మాత్రమే యుంచవలెను. పునాచును జానెడేసి ముక్కలుగా కోసి, ఎనిమిదేసి ముక్కల మొదళ్లను బంకమట్టి యుండలో గ్రుచ్చి, మూరెడు ఎడముగా అడుగున నొక్కవలెను. కణుపులవద్ద వేళ్లు పుట్టును. వల్లిస్నేరియా వేళ్లను మాత్రమే మట్టిలో పూడ్చవలెను. ఆకులు పుట్టు తెల్లని మొదలు పైకి కనబడవలెను, పూడినచో క్రుళ్లును. సెరటోఫిల్లమును నాటనక్కరలేదు, నీట విడిచిన చాలును.

మొక్కలు నాటుకొనిన కొలది నీటిని మెల్లగా పెంచవలెను. మోచేతివరకు ముంచిన చేతి వ్రేళ్లు కనబడునంత తేటగా నీరుండవలెను. బురదనీటిలో వెలుతురు చొరక నాచు చచ్చును. కార్తీకమున నాటినచో, బంగారుతీగ గ్రుడ్లు పెట్టు మాఘమాసమునకు నాచు సిద్ధమగును.

వాడుకలో మితము

గ్రుడ్లు పెట్టించు గుడ్డతొట్టిలో తల్లిచేప తూకమునకు రెట్టింపు తూకము నాచు చాలును. ఎక్కువ వేసిన ఎక్కువ మేలని తలపరాదు. మొక్కలు పగటివేళ సూర్యరశ్మిచే ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ తామును దానిని పీల్చును. నాచు మితిమీరినచో తెల్లవారుజామునకు నీటిలో ప్రాణవాయువు తగ్గి, చేపలును గ్రుడ్లును నశించును. గ్రుడ్లంటిన నాచును వేరొక గుడ్డతొట్టికి మార్చినచో రెండు మూడు దినములలో పిల్లలు పొదుగును.

మిగిలిన నాచును పెంటదిబ్బలో వేయవలెనే గాని కాలువలో పారవేయరాదు. పునాచుయొక్క ఒక్కొక్క కణుపును ఒక్కొక్క మొక్క కాగలదు. ఒక రైతు మడిలో ధనమైనది దిగువ రైతు కాలువలో అడ్డుకట్టయగును.