గెట్టు దాటిన కొలత

నల్లగొండ జిల్లా కేతేపల్లి మండలంలో, సోలిపేట వద్ద, మూసీ ప్రాజెక్టు ఉన్నది. ఆ నీటి కింద పారే పొలాలలో 33 అడుగుల వెడల్పున పొడవుగా సాగిన నేల ఒకటి ఉన్నదనుకొందాము. పొడవు వెంట ప్రతి 33 అడుగులకు ఒక గుంట అవుతుంది. ఒకే సర్వే నంబరులో మొత్తం 80 గుంటలు. మొదటి 60 గుంటలు ఒక రైతువి, మిగిలిన 20 పొరుగువానివి. కొలిచేవాడు విడతకు ఒక ఎకరం, అనగా 40 గుంటలు కొలుస్తాడు. అతనికి చెప్పిన సూత్రం ఇది: విడత కొలత ఒకటి, రైతు మొత్తం నేల ఒకటి, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంత కొలవాలి.

మొదటి విడతలో చిక్కు లేదు. రెండవ విడత 40వ గుంట చివర మొదలవుతుంది. 40, 60లలో తక్కువది 40. కాబట్టి గొలుసు 80 వద్ద ఆగుతుంది. గెట్టు ఎక్కడున్నదో చూడకుండానే పొరుగువాని 20 గుంటలు రైతు పేర పడిపోతాయి. కొలత ఎక్కడ మొదలైనదన్న సంగతి ఆ సూత్రంలో లేనే లేదు!

అచ్చముగా ఇదే పొరపాటు కంప్యూటరు తెరపై బొమ్మలు చూపే ఏర్పాటులో సుమారు 8 ఏండ్లు దాగి ఉన్నది. లినక్స్ అనే నిర్వహణ వ్యవస్థలో ఇంటెల్ గ్రాఫిక్స్ పరికరాలను నడిపే ప్రోగ్రాము పేరు ఐ915. ఇటువంటి ప్రోగ్రామును డ్రైవరు అంటారు. హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద లారీ తోలే డ్రైవరుకూ దీనికీ పోలిక లేకపోలేదు. యంత్రం వేరు, దాన్ని తెలిసి నడిపేవాడు వేరు. లినక్స్ మూలపాఠం బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, తప్పు పట్టవచ్చు, సవరణ పంపవచ్చు.

కంప్యూటరు జ్ఞాపకశక్తిని, అనగా మెమొరీని, పేజీలుగా విభజిస్తారు. సామాన్యంగా ఒక పేజీ 4,096 బైట్లు. ప్రతి ప్రోగ్రాముకు దాని సొంత చిరునామాలు ఉంటాయి. ఏ చిరునామా వెనుక నిజంగా ఏ పేజీ ఉన్నదో పట్టికలో వ్రాసి ఉంటుంది. ఈ పట్టికను యంత్రానికి పహాణీ అనవచ్చు. పహాణీలో ఎవరి పేరు ఉంటే వారిదే అనుభవం. యంత్రం అంతకు మించి విచారించదు.

బొమ్మ పెద్దదై, దాన్ని చూడవలసిన కిటికీలో పట్టనప్పుడు డ్రైవరు దాన్ని విడతలుగా చూపుతుంది. ఒక విడత 256 పేజీలు, అనగా ఒక మెగాబైటు అనుకొందాము. ప్రోగ్రాము తనకు పెద్ద బొమ్మలో 384 పేజీల మేరకే హద్దు వేయించుకొన్నది. రెండవ విడత 256 వద్ద మొదలవుతుంది. 256, 384లలో తక్కువది 256. పట్టికలో వ్రాత 512 దాకా పోతుంది. 128 పేజీలు గెట్టు దాటాయి.

దీనివల్ల వచ్చే ముప్పు చిన్నది కాదు. హద్దు లోపలి వ్రాతలను డ్రైవరు తరువాత కొట్టివేయగలదు. హద్దు బయట పడినవి దానికి కనబడవు. ఆ కిటికీ భాగాన్ని మరొక బొమ్మకు ఇచ్చినా పాత వ్రాత నిలిచి ఉండవచ్చు. అప్పుడు ఒకరి తెర మీది సమాచారం మరొకరి చేతికి చిక్కే అవకాశం ఏర్పడుతుంది.

ఈ లోపం 2016లో, పట్టికను పేజీ పేజీకి గాక ఒకే ఊపున నింపి వేగం పెంచే మార్పుతో వచ్చింది. అన్నాళ్ళు ఎందుకు దొరకలేదు? మొదటి విడత సున్న వద్ద మొదలవుతుంది. అక్కడ తప్పు సూత్రం కూడా సరైన జవాబే ఇస్తుంది. కొలత మధ్యలో మొదలై, హద్దు విడత చివరకంటె ముందే ముగిసినప్పుడే గుట్టు బయటపడుతుంది. దానిని పట్టుకొని తెలియజేసినవాడు భద్రతా పరిశోధకుడు యాన్ హార్న్. సవరణ పంపినవాడు ఇంటెల్ సంస్థకు చెందిన ఆండీ ష్యిటి. అది 2024 ఆగస్టులో లినక్స్‌లో చేరింది.

సవరణ పంపినంతమాత్రాన పని ముగియదు. మరొకరు దాన్ని చదివి, సరి చూచి, తమ పేరు చేర్చాలి. ఆ చదువరి చూడవలసినది ముఖ్యంగా అంచులనే. కొత్త లెక్కలో విడత మొదలు, చివర వేరువేరుగా తేల్చుతారు. మొదలు హద్దుకు ముందుంటే హద్దు దగ్గరకు జరుపుతారు. చివర హద్దు దాటితే హద్దు వద్దకే కుదిస్తారు. ఆ రెంటి తేడాయే పరిమాణం. 256 మొదలు, చివర 512 కాదు, 384, కొలత 128. పొలంలోనైతే 40 నుండి 60 వరకు, 20 గుంటలు.

ఇంకొక మెలిక ఉన్నది. ప్రోగ్రాము బొమ్మ నడుమ నుండి హద్దు వేయించుకొంటే విడత మొదలు ఆ హద్దుకంటె వెనుకకు పోవచ్చు. చిరునామాలు చిన్నవైతే లెక్క సున్నకు కిందికి, ఋణ సంఖ్యలోకి దిగుతుంది. ఋణ చిహ్నం ఉంచుకోలేని సంఖ్యగా దాన్ని వ్రాస్తే యంత్రం దాన్ని అతి పెద్ద సంఖ్యగా చదువుతుంది. అందుకే సవరణలో ఈ హద్దులను చిహ్నం గల సంఖ్యలుగా ఉంచారు. బైట్లూ పేజీలూ కలగాపులగం కాకుండా లెక్కంతా పేజీలలో నడిపి చివరికి బైట్లలోకి మార్చారు. గుంటలూ గజాలూ కలిపి కూడితే ఏమవుతుందో పొలం కొలిచిన వారికి చెప్పనక్కరలేదు. గుంటకు 121 చదరపు గజాలు.

ఈ లోపానికి సి.వి.ఇ.–2024–42259 అన్న సంఖ్య ఇచ్చారు. ఇంకా నిర్వహణలో ఉన్న పాత లినక్స్ కూర్పులకు కూడా ఇదే సవరణను పంపించారు.