పసుపు రాగిని పట్టుకుంటే

జగిత్యాల, కోరుట్ల చేలల్లో పసుపు పండుతుంది. సిరిసిల్ల మగ్గాల మీద బట్ట తయారవుతుంది. ఈ రెండింటి నడుమకు రాగి వస్తే ఏం జరుగుతుందో మన డిగ్రీ కాలేజీల ల్యాబుల్లోనే చేసి చూడొచ్చు.

పసుపుకు ఆ రంగునిచ్చేది కర్క్యుమిన్. కొమ్ములో అది నూటికి రెండు నుంచి ఐదు పాళ్లే. దాని అణువు నడుమ దగ్గరదగ్గరగా రెండు ఆక్సిజన్లు, వాటి మధ్య ఓ హైడ్రోజన్ ఉంటాయి. ఆ హైడ్రోజన్ తప్పుకుంటే రెండు ఆక్సిజన్లూ కలిసి లోహాన్ని పట్టుకుంటాయి. ఇలా పట్టుకునే అణువే లైగాండ్. ఒక రాగి అయాన్‌ను రెండు కర్క్యుమిన్లు చెరోవైపు నుంచి బిగిస్తే సంశ్లిష్ట సమ్మేళనం పుడుతుంది.

తయారీ పెద్ద కష్టమేం కాదు. 368 మిల్లీగ్రాముల కర్క్యుమిన్‌ను వేడి ఇథనాల్‌లో కరిగించి, 100 మిల్లీగ్రాముల కాపర్ అసిటేట్ ద్రావణాన్ని చుక్కచుక్కగా పోస్తూ కలియబెట్టాలి. అణువుల లెక్కలో రెండుకు ఒకటి. బంగారంలా మెరిసే ద్రావణం మసకబారుతుంది, గోధుమరంగు పొడి అడుగుకు దిగుతుంది. వడగట్టి, చల్లని ఇథనాల్‌తో కడిగి ఆరబెట్టాలి. నీలాకుపచ్చ కాపర్ అసిటేట్ పోలికా, పసుపు పోలికా ఆ పొడిలో కనిపించవు.

రంగు మారితే చాలదు, రుజువు కావాలి. ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో కర్క్యుమిన్ కార్బొనిల్ పట్టీ చోటు మారాలి. రాగి అయాన్‌లో జతలేని ఎలక్ట్రాన్ ఒకటే కాబట్టి అయస్కాంత భ్రామకం 1.73 బోర్ మాగ్నెటాన్లకు దగ్గరగా రావాలి. నా దృష్టిలో విద్యార్థి నేర్చుకోవాల్సిన అసలు పాఠం ఇదే.

ఇక బట్ట సంగతి. పసుపు అద్దిన గుడ్డ ఎండకు వెలిసిపోతుందని ఇంటింటా తెలుసు. అందుకే అద్దకంలో మైలుతుత్తం వాడే పద్ధతి ఉంది. తుత్తంలోని రాగి ఇటు రంగునూ అటు నూలునూ పట్టుకుంటుంది. పసుపు కాస్త ముదిరి ఆలివ్ ఛాయకు తిరుగుతుంది. ఇలాంటి పట్టే, ఇంకా గట్టిది, కాపర్ థాలోసయనిన్‌లో ఉంది. 1927లో స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబోర్గ్‌లో మరేదో చేయబోతే అనుకోకుండా దొరికిన నీలమది. నడుమ రాగి, చుట్టూ నాలుగు నైట్రోజన్లు. నూలుకు వేసే రియాక్టివ్ టర్కాయిస్ బ్లూ దాని సంతతే.

రాగి సమ్మేళనం గాజుపళ్లెంలో సూక్ష్మజీవుల్ని చంపిందని వింటే సంబరపడతాం. పళ్లెంలో చంపిందల్లా మందైపోదు. ఒంటికి రాగి కావాలి, కానీ చిటికెడంతే. ల్యాబులో చేసిన ఆ గోధుమరంగు పొడిని ఎవరూ నోట్లో వేసుకోకూడదు.

కాలేజీలు, అద్దకం పనివాళ్లు కలిసి ఏ ఛాయ ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో, ఎన్నాళ్ల ఎండను ఓర్చుకుంటుందో పరీక్షించి రాసిపెట్టాలి. అద్దకంలో మిగిలిన తుత్తం నీళ్లను మాత్రం మానేరు నది వైపు పోనివ్వకండి. తాగునీటిలో రాగికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు, వేరే దిక్కులేనప్పుడు 1.5.